ఒకే ప్రోగ్రాముకు అనేక రూపాంతరాలు: వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే సాధనాలేవి?

పదనిస (చర్చ ప్రారంభం)

పద్యపాదంలోని గురులఘువులను గుర్తించి, అది ఉత్పలమాలో చంపకమాలో మరొకటో తేల్చే చిన్న ప్రోగ్రామును పైథాన్‌లో రాస్తున్నాను. సూత్రాలు బడిలో చదువుకున్నవే కనుక పని త్వరగా ముగియాలి గాని, కోడ్‌గా మార్చబోయేసరికి ప్రతి సూత్రం దగ్గరా రెండు మూడు దారులు కనిపిస్తున్నాయి. రెండో పదం సంయుక్తాక్షరంతో మొదలైనప్పుడు ముందు పదం చివరి హ్రస్వాన్ని గురువుగా లెక్కించాలా అన్నది మొదటి చిక్కు. “అది ప్రేమ” అన్నప్పుడు “ది” లఘువుగానే నిలుస్తుంది. “గృహప్రవేశం” అన్న సమాసంలో “హ” గురువవుతుంది. ఏది సమాసమో ఏవి విడి పదాలో ప్రోగ్రాముకు తెలియదు. ఖాళీ కనిపిస్తే విడి పదమనుకోవచ్చు, ఖాళీలను అసలు పట్టించుకోకపోవచ్చు, లేదా సమాసాల పట్టిక ఒకటి దగ్గర పెట్టుకోవచ్చు. ఇవి మూడు దారులు. రేఫతో కూడిన “అద్రుచు” వంటి మాటల్లో ఊనిక లేకుండా పలికినప్పుడు ముందక్షరాన్ని లఘువుగా ఉంచాలా వద్దా అన్నదానికి రెండు దారులు. పాదం చివరి అక్షరాన్ని తూచేటప్పుడు తరువాతి పాదం మొదటి అక్షరాన్ని చూడాలా వద్దా అన్నదానికి రెండు. అక్షర విభజనను సొంతంగా చేయాలా, లైబ్రరీకి వదిలేయాలా అన్నదానికి మరో రెండు.

ప్రస్తుతం, కోడ్‌ను సెల్‌లనే ముక్కలుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో ఒకే ఫంక్షన్‌కు చివర “పాత”, “కొత్త”, “కొత్త2” అని తగిలించిన ప్రతులున్నాయి. వాటి మధ్య కామెంట్ చేసి పెట్టిన ముక్కలు కూడా ఉన్నాయి. ఏ సూత్రం సరైనదని ఇక్కడ అడగడం లేదు. ఏది సరైనదో తేల్చుకునే లోపల ఈ రూపాంతరాలన్నిటినీ సజీవంగా ఉంచి, ఒకదాని ఫలితాన్ని మరొకదాని ఫలితంతో పోల్చి చూపే సాధనం ఏదైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

బైట్‌బాబు

పదనిస గారూ, మీకు కావలసింది కొత్త సాధనం కాదనీ, ఉన్నదాన్ని పద్ధతిగా వాడుకుంటే చాలుననీ నా అభిప్రాయం. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక్కో ప్రత్యామ్నాయానికి ఒక్కో బ్రాంచ్, అంటే విడి శాఖ, పెట్టుకోండి. బ్రాంచ్ మారిన ప్రతిసారీ ఫైళ్లన్నీ మారిపోతాయన్న ఇబ్బంది ఉంటే, 2015లో గిట్ 2.5తో వచ్చిన వర్క్‌ట్రీ ఆదేశం ఉంది. దానితో ఒకే రిపాజిటరీకి చెందిన నాలుగు బ్రాంచ్‌లు నాలుగు ఫోల్డర్లలో ఏకకాలంలో తెరిచి ఉంటాయి, నాలుగింటినీ ఒకేసారి నడుపుకోవచ్చు. కోడ్‌లో తేడాలు చూడటానికి డిఫ్ ఎలాగూ ఉంది. కామెంట్ చేసి పెట్టిన కోడ్ ఎవరికీ ఉపయోగపడదు. నెల తరువాత రాసినవారికే అర్థం కాదు.

వెన్నెల_కె

బైట్‌బాబు గారి సలహా తుదిరూపం తెలిసిన పనికి చక్కగా సరిపోతుంది. పదనిస గారి పని అటువంటిది కాదు. లక్ష్యమే కోడ్ రాస్తూ రాస్తూ రూపుదిద్దుకునే ఈ పద్ధతిని అన్వేషణాత్మక ప్రోగ్రామింగ్ అంటున్నారు. ఇందులో మనుషులు నిజంగా ఏం చేస్తారో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మేరీ బెత్ కెరీ, ఆంబర్ హోర్వాత్, బ్రాడ్ మయర్స్ పరిశీలించి 2017లో ప్రచురించారు. డేటా శాస్త్రజ్ఞులతో మాట్లాడి, సర్వే కూడా చేసి వారు గమనించినది సరిగ్గా పదనిస గారు చెప్పినదే: కోడ్‌ను నకలు చేసుకోవడం, వాడని కోడ్‌ను అలాగే ఉంచుకోవడం, కామెంట్ చేసి పక్కన పెట్టడం. ఇవి సోమరితనం వల్ల వచ్చిన అలవాట్లు కావు. ఒక పంక్తికైనా ఒక ఫంక్షన్‌కైనా క్షణంలో రెండో రూపం పుట్టించుకోవచ్చు, కామెంట్ గుర్తు తీసేసి వెంటనే రెండోదాన్ని నడిపి చూడవచ్చు. గిట్ కమిట్‌కు, అంటే మార్పులను చరిత్రలో నమోదు చేయడానికి, ఆ వేగమూ లేదు, అంత చిన్న ముక్కను విడిగా పట్టుకునే నేర్పూ లేదు. ఈ పద్ధతికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఏ ముక్క ఏ ముక్కతో కలిసి నడవాలో మొత్తం తలలో పెట్టుకోవలసి రావడం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఆ పరిశీలన ఆధారంగా వారు వేరియోలైట్ అనే సాధనాన్ని ఆటమ్ ఎడిటర్‌కు అనుబంధంగా తయారుచేశారు. కోడ్‌లో ఏదో ఒక భాగం చుట్టూ పెట్టె గీస్తే దానికి పైన ట్యాబ్‌లు వస్తాయి; ఒక్కో ట్యాబ్‌లో ఆ భాగానికి ఒక్కో రూపాంతరం ఉంటుంది. పెట్టెలో మరో పెట్టె కూడా గీయవచ్చు. నకలు చేసి పేరు చివర “కొత్త2” తగిలించే అలవాటుకే ఎడిటర్‌లో ఒక చోటు చూపించారన్నమాట. విచారకరమైన సంగతేమిటంటే, ఆటమ్ ఎడిటర్ నిర్వహణను గిట్‌హబ్ 2022 డిసెంబరులో ఆపివేసింది. అందువల్ల ఆ ఆలోచనను ఈరోజు వాడుకోగలం గాని, ఆ సాధనాన్ని నమ్ముకోలేం.

బైట్‌బాబు

పరిశోధనా పత్రాల్లో పుట్టిన ఎడిటర్ అనుబంధాల గతి సాధారణంగా ఇంతే. గిట్ 2005 నుంచి నిలిచి ఉంది.

శాలివాహన

నిలిచి ఉండటం ఒక్కటే కొలబద్ద అయితే డిఫ్ గిట్‌కన్నా పాతది. 1970వ దశకంలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టి నేటికీ పనిచేస్తోంది. అయితే అది దేన్ని పోల్చడానికి పుట్టిందో గుర్తుంచుకోవాలి. అది రెండు పాఠాలను పంక్తి పంక్తిగా సరిచూస్తుంది. ప్రోగ్రాము నడిచినప్పుడు ఏం జరిగిందో దానికి తెలియదు. ఒక షరతులో “కన్నా తక్కువ” బదులు “తక్కువ లేదా సమానం” అని మారిస్తే డిఫ్‌లో ఒకే పంక్తి కనిపిస్తుంది, ఫలితాల్లో వంద పద్యాలు అటూ ఇటూ అవుతాయి. ఒక ఫంక్షన్ మొత్తాన్ని తిరగరాస్తే డిఫ్ నిండా రంగులు మారతాయి, ఫలితం మాత్రం ఒక్క అక్షరం కూడా మారకపోవచ్చు. అన్వేషణలో ఉన్నవారికి కావలసినది పాఠాల పోలిక కాదు, ప్రవర్తనల పోలిక.

ఈ ఆలోచన కొత్తది కాదు. జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఇంటర్‌లిస్ప్ వంటి ప్రోగ్రామింగ్ పరిసరాలతో పనిచేసినవారు 1980వ దశకం మొదట్లోనే అన్వేషణాత్మక ప్రోగ్రామింగ్ అన్న మాటను వాడారు. బ్యూ షీల్ 1983లో రాసిన వ్యాసం ఇందుకు ప్రసిద్ధం. ముందే వివరంగా నిర్దేశించలేని సమస్యలకు, ప్రయత్నించి చూస్తూ ముందుకు సాగడమే పద్ధతి అనీ, అందుకు తగిన శక్తిమంతమైన పరికరాలు కావాలనీ ఆయన వాదన. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో బియర్న్ హార్ట్‌మన్ బృందం చేసిన జక్స్టపోజ్ నాకు ఇప్పటికీ ఈ వరుసలో ఉత్తమంగా కనిపిస్తుంది. అందులో ఒక ప్రోగ్రాముకు అనేక ప్రత్యామ్నాయాలు పక్కపక్కన తెరిచి ఉంటాయి. ఒకచోట చేసిన సవరణ కావాలంటే అన్నిటికీ వర్తిస్తుంది, వద్దంటే ఆ ఒక్కదానికే పరిమితమవుతుంది. అన్నీ పక్కపక్కనే నడుస్తాయి, వాటిలోని విలువలను నడుస్తుండగానే మార్చి చూడవచ్చు. ఉమ్మడి భాగంలో తప్పు దొరికితే నాలుగు ప్రతుల్లో నాలుగుసార్లు దిద్దే శ్రమ అక్కడ లేదు. బ్రాంచ్‌లతో ఇదే పని చేయాలంటే ఒక దిద్దుబాటును ప్రతి బ్రాంచ్‌లోకీ మోయాలి.

జర్మనీలో పోట్స్‌డామ్‌లోని హాసో ప్లాట్నర్ సంస్థవారు 2012 ప్రాంతంలో స్మాల్‌టాక్ భాషలో చేసిన కోఎగ్జిస్ట్ అనే సాధనం మరో దారి పట్టింది. అక్కడ ప్రోగ్రామర్ చేసే ప్రతి మార్పూ దానంతటదే ఒక వెర్షన్‌గా నిలిచిపోతుంది, పరీక్షలు వెనుక నడుస్తూ ఏ మార్పు దగ్గర ఏ ఫలితం మారిందో చూపుతాయి. భద్రపరచుకోవాలన్న ఆలోచన ముందుగా రాకపోయినా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

పదనిస

శాలివాహన గారూ, ఉమ్మడి భాగం గురించి మీరన్నది నా ఇబ్బందికి దగ్గరగా ఉంది. బైట్‌బాబు గారూ, బ్రాంచ్‌ల విషయంలో నా సందేహం ఇది. నా ఎంపికలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. మూడు, రెండు, రెండు, రెండు అంటే మొత్తం 24 కలయికలు. ఖాళీల విషయంలో మూడో దారినీ రేఫ విషయంలో మొదటి దారినీ కలిపి చూడాలనుకుంటే ఆ రెండు బ్రాంచ్‌లను మెర్జ్ చేసి (కలిపి) ఇంకో బ్రాంచ్ పుట్టించాలి. మరి 24 బ్రాంచ్‌లు పెట్టుకోవాలా?

బైట్‌బాబు

24 బ్రాంచ్‌లు పెట్టుకోమని నేను చెప్పను. ఆ పరిస్థితి వచ్చిందంటే అవి బ్రాంచ్‌లు కావు, పారామీటర్లు, అంటే విలువ మార్చి నడుపుకునే ఎంపికలు.

కృష్ణాతీరం

బైట్‌బాబు గారి చివరి మాట దగ్గరే దారి ఉంది, అక్కడి నుంచి కొనసాగిస్తాను.

కోడ్‌లో మారే ప్రతిచోటినీ ఒక ఎంపికగా పేరు పెట్టి బయటకు తీయండి. “పదాంతం” అన్నది ఒక ఎంపిక. దానికి “ఖాళీ చూడు”, “ఖాళీ వదులు”, “సమాస పట్టిక” అని మూడు విలువలు. ఒక్కో విలువకు ఒక్కో చిన్న ఫంక్షన్ రాసి, అన్నిటినీ ఒక డిక్షనరీలో ఉంచండి. మిగిలిన మూడు ఎంపికలకూ అలాగే చేయండి. తరువాత పైథాన్‌తో వచ్చే ఐటర్‌టూల్స్‌లోని ప్రొడక్ట్ ఫంక్షన్ 24 కలయికలనూ మీకు ఇస్తుంది. ఒక్కో కలయికతో పద్యాలన్నిటినీ నడిపి, ప్రతి పాదానికీ వచ్చిన గురులఘు వరుసను “గలలగలగ” అన్నట్టుగా ఒక స్ట్రింగ్‌గా దాచండి. గణాలు కుదిరాయా లేదా అన్న ఒక్క జవాబునే దాచవద్దు. జవాబు అదే ఉండి, దారి వేరైన చోట్లే తరువాత మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇప్పుడు పట్టిక గీయండి. అడ్డ వరుసల్లో పాదాలు, నిలువు వరుసల్లో రూపాంతరాలు. ఆ పట్టికను అలాగే చూస్తూ కూర్చుంటే ఏమీ తోచదు; రెండు పనులు చేయాలి. మొదట, రూపాంతరాలన్నీ ఏకాభిప్రాయంతో ఉన్న పాదాలను దాచేయండి. పద్యాల్లో అధికభాగం ఏ సూత్రంతో చూసినా ఒకేలా వస్తాయి, వాటి నుంచి నేర్చుకునేది లేదు. తరువాత, అన్ని పాదాలకూ ఒకే ఫలితాలిచ్చిన రూపాంతరాలను ఒక గుంపుగా చేర్చండి. కోడ్ ఎంత వేరుగా ఉన్నా మీ పద్యాల విషయంలో అవి ఒకటే. సాధారణంగా 24 అన్నవి ఏడో ఎనిమిదో గుంపులకు కుదించుకుపోతాయి, అప్పుడు కంటితో చూడగల పట్టిక మిగులుతుంది.

సాధనం కావాలంటే, ఎంపికల కలయికలను నడపడానికి హైడ్రా ఉంది. దాని మల్టీరన్ పద్ధతి ఇందుకోసమే. ఏ పరుగులో ఏ విలువలతో ఏ ఫలితం వచ్చిందో నమోదు చేసి పక్కపక్కన చూపడానికి ఎంఎల్‌ఫ్లో ఉంది. కాని ఎంఎల్‌ఫ్లో వంటివి మోడళ్లకు శిక్షణ ఇచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. ఒక పరుగుకు ఒకటో రెండో సంఖ్యలు ఫలితంగా ఉంటే అవి అందంగా చూపిస్తాయి. ఏ పద్యం దగ్గర రెండు రూపాంతరాలు విడిపోయాయో అవి తమంతట చెప్పవు. మీ పనికి, పైథాన్‌లో పట్టికల కోసం వాడే పాండాస్ లైబ్రరీతో చేసిన పట్టిక ఒకటి చాలు.

మాత్రాగణం

ఛందస్సు వైపు నుంచి ఒక మాట, ఇది పోలికకు సంబంధించినదే. రూపాంతరాలను పోల్చే ముందు వాటికి ఇచ్చే పాఠం స్థిరంగా ఉండాలి. అంతర్జాలంలో దొరికే పద్యపాఠాల్లో “కృ” ఉండవలసిన చోట “క్రు” అని టైపు చేసినవి కొల్లలు. వట్రసుడి అచ్చు గుర్తు కనుక దాని ముందక్షరం గురువు కాదు. “క్రు” అయితే సంయుక్తాక్షరం కనుక ముందక్షరం గురువవుతుంది. అరసున్నకు బదులు నిండుసున్న పెట్టినా అంతే, లఘువు కావలసింది గురువవుతుంది. ఇటువంటి పాదం మీ పట్టికలో ఏ రూపాంతరానికీ కుదరనిదిగా కనిపిస్తుంది, లేదా అన్నిటికన్నా విచిత్రమైన రూపాంతరానికి మాత్రమే కుదిరి దానికి లేని గౌరవం తెచ్చిపెడుతుంది. కాబట్టి శుద్ధి చేసిన పాఠం, చేయని పాఠం అన్నది కూడా ఒక ఎంపికగా పట్టికలో చేర్చండి.

అక్షర విభజనను లైబ్రరీకి వదిలే విషయంలో మరింత జాగ్రత్త అవసరం. “స్త్రీ” అన్నది మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఆ ఆరింటిని కలిపి ఒకటిగా చూడాలన్న సాధారణ నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లోనే చేరింది. అంతకు ముందరి నియమం ప్రకారం పొల్లు దగ్గర తెగి అది మూడు ముక్కలయ్యేది. అంటే మీరు ఒక్క పంక్తి కూడా మార్చకుండానే, లైబ్రరీ పాత యూనికోడ్‌ను అనుసరిస్తోందా కొత్తదాన్నా అన్నదాన్ని బట్టి మీ ఫలితాలు మారవచ్చు.

బైట్‌బాబు

మాత్రాగణం గారు చెప్పిన చివరి సంగతిని ఇంకొంత గట్టిగా చెప్పాలి. కోడ్ ఒక్కటే రూపాంతరం కాదు. లైబ్రరీ వెర్షన్లు, ఇన్‌పుట్ ఫైళ్లు, నోట్‌బుక్‌లో సెల్‌లు నడిచిన వరుస, ఇవన్నీ కలిస్తేనే ఒక రూపాంతరం. నోట్‌బుక్‌ల పట్ల నా అనుమానానికి కారణం కూడా ఇదే. 2019లో పిమెంటెల్, ముర్తా, బ్రగన్యోలో, ఫ్రెయిర్ అనే పరిశోధకులు గిట్‌హబ్ నుంచి దాదాపు 14 లక్షల నోట్‌బుక్‌లను సేకరించి పరిశీలించారు. తిరిగి నడపడానికి తీసుకున్నవాటిలో దోషం లేకుండా చివరిదాకా నడిచినవి సుమారు 24 శాతమే. మొదట నమోదైన ఫలితాలే మళ్లీ వచ్చినవి సుమారు 4 శాతం. ఒక రూపాంతరం నడిచినప్పుడు మిగిలిపోయిన చరరాశిని ఇంకో రూపాంతరం తెలియకుండా వాడుకుంటే, మీరు పోలుస్తున్నది ఆ రెండింటినీ కాదు. అందువల్ల కృష్ణాతీరం గారి పద్ధతిని సమర్థిస్తూనే ఒక షరతు పెడతాను: ఒక్కో కలయికను కొత్త ప్రాసెస్‌లో నడపండి, కమిట్ సంఖ్యనూ లైబ్రరీ వెర్షన్లనూ ఫలితంతో పాటే రాసిపెట్టండి.

వెన్నెల_కె

నోట్‌బుక్‌లో ఒకే స్థితి ఉండటం వల్ల వచ్చే ఇబ్బందిని పరిశోధకులు కూడా పట్టించుకున్నారు. 2021లో వచ్చిన ఫోర్క్ ఇట్ అనే పనిలో, నోట్‌బుక్ మధ్యలో ఒకచోట చీలిక పెడితే అక్కడి నుంచి కొత్త ఇంటర్‌ప్రెటర్ సెషన్ మొదలవుతుంది. రెండు శాఖలు తమ తమ చరరాశులతో విడిగా ఉంటాయి, వెనకటి స్థితికి తిరిగి వెళ్లే వీలు కూడా ఉంది. అంతకు ముందు 2019లో కెరీ బృందమే జూపిటర్‌ల్యాబ్‌కు వెర్డాంట్ అనే అనుబంధం చేసింది. అది కొత్త రూపాంతరాలను పుట్టించడం మీద కాక, ఎప్పుడో చేసి వదిలేసిన ప్రయత్నాన్ని చరిత్రలో వెతికి పట్టుకోవడం మీద దృష్టి పెట్టింది. ఈ రెండో అవసరం పదనిస గారికి ఇంకా ఎదురై ఉండదు, “ఈ పట్టిక ఏ కోడ్‌తో వచ్చింది?” అన్న ప్రశ్న రెండు వారాల తరువాత వస్తుంది.

నోట్‌బుక్ ఫైళ్లను గిట్‌లో పెట్టేవారికి ఎన్‌బీడైమ్ తప్పనిసరి. నోట్‌బుక్ ఫైలు లోపల జేసన్ రూపంలో ఉంటుంది కనుక మామూలు డిఫ్‌లో బొమ్మల డేటా, సెల్ సంఖ్యలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఎన్‌బీడైమ్ సెల్ సెల్‌కూ ఫలితంతో సహా తేడా చూపుతుంది. మరీమో వంటి కొత్త నోట్‌బుక్‌లు మామూలు పైథాన్ ఫైలుగానే భద్రమవుతాయి. ఒక సెల్ మారితే దాని మీద ఆధారపడిన సెల్‌లన్నీ వాటంతటవే మళ్లీ నడుస్తాయి. బైట్‌బాబు గారి భయాన్ని ఇది చాలావరకు తగ్గిస్తుంది.

శాలివాహన

ఎడిటర్ల విషయంలో చిన్న చేర్పు. విమ్‌లో 2006 నుంచి, అంటే ఏడో వెర్షన్ నుంచి, అన్‌డూ చరిత్ర కొమ్మలుగా నిలుస్తుంది. వెనక్కి వెళ్లి కొత్తగా టైపు చేసినా పాత కొమ్మ పోదు. వీఎస్ కోడ్‌లో 2022 నుంచి స్థానిక చరిత్ర ఉంది. ఇవి పోలిక సాధనాలు కావు గాని, “నిన్న సాయంత్రం ఉన్న రూపం” వెతుక్కునేవారిని ఆదుకుంటాయి.

సంభావ్యత

చర్చ అంతా పోల్చడం ఎలా అన్నదాని మీద నడుస్తోంది. పోల్చిన తరువాత ఏ ప్రమాణంతో ఎంచుకుంటారని అడగదలచాను. పదనిస గారు సహజంగా ఎక్కువ పద్యాలను ఉత్పలమాలగా అంగీకరించిన రూపాంతరాన్ని గెలిపిస్తారు. ఆ ప్రమాణం ఉదారమైన రూపాంతరం వైపు మొగ్గుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. భ, ర, న, భ, భ, ర, వ అన్న గణాల వరుస ఆ 20 స్థానాలకూ ఒకే ఒక్క గురులఘు క్రమాన్ని విధిస్తుంది. మీ రూపాంతరం ఒక అక్షరాన్ని “గురువైనా కావచ్చు, లఘువైనా కావచ్చు” అని వదిలేసిన ప్రతిసారీ ఆ పాదానికి సాధ్యమైన క్రమాలు రెట్టింపవుతాయి. అటువంటి అక్షరాలు ఐదు ఉంటే 32 క్రమాలు. అంత వెసులుబాటు ఇచ్చాక పద్యం కుదిరిందంటే అందులో సూత్రం గొప్పతనం ఎంతో చెప్పలేం. కాబట్టి పట్టికలో పద్యం కానివి కూడా ఉండాలి. వచనం నుంచి 20 అక్షరాల ముక్కలు తీసుకోండి, కందపద్యాల పాదాలను తీసుకోండి, ఏ రూపాంతరం వాటిని కూడా ఉత్పలమాల అంటోందో చూడండి.

దీనికి ఒక విస్తృతమైన నేపథ్యం ఉంది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 61 మంది విశ్లేషకులున్న 29 బృందాలకు ఒకే డేటానూ ఒకే ప్రశ్ననూ ఇచ్చారు. ఫుట్‌బాల్ రిఫరీలు నల్లని చర్మం ఉన్న ఆటగాళ్లకు ఎర్ర కార్డులు ఎక్కువగా ఇస్తున్నారా అన్నది ఆ ప్రశ్న. 20 బృందాలు గణనీయమైన సంబంధం ఉందన్నాయి, 9 బృందాలకు అది కనిపించలేదు. తేడా డేటాలో లేదు. దాన్ని విశ్లేషించిన దారుల్లో ఉంది. ఒక్కో బృందం నడిచింది ఒక్కో రూపాంతరం. అందుకే గణాంక శాస్త్రంలో సమంజసమైన దారులన్నిటినీ నడిపి, మొత్తం ఫలితాల వ్యాప్తిని చూపాలన్న మల్టీవర్స్ విశ్లేషణను 2016లో ప్రతిపాదించారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2020లో చేసిన బోబా అనే సాధనం ఇందుకు అక్కరకు వస్తుంది: ఒకే స్క్రిప్టులో ఎంపికలు మారే చోట్లను గుర్తుపెడితే, అది కలయికలన్నిటికీ విడివిడి ప్రోగ్రాములు పుట్టించి నడుపుతుంది, ఏ ఎంపిక వల్ల ఫలితం ఎక్కువగా ఊగుతోందో బొమ్మగా చూపుతుంది. పదనిస గారు చేయబోతున్నది చిన్న స్థాయిలో ఇదే.

కృష్ణాతీరం

సంభావ్యత గారి సూచనను స్వీకరిస్తున్నాను, పద్యం కాని ముక్కలు పట్టికలో తప్పక ఉండాలి. బోబాలో నాకు నచ్చినది, పొసగని కలయికలను ముందే తీసేయడానికి షరతులు రాసే వీలుండటం. పదనిస గారి 24లో కూడా అర్థం లేనివి కొన్ని ఉండవచ్చు. ఖాళీలను వదిలేసే దారి ఎంచుకున్నాక సమాస పట్టికను శుద్ధి చేయడం వంటిది వ్యర్థం.

బైట్‌బాబు

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులు వచ్చాక ఈ సమస్య పెద్దదైంది. ఒక ఫంక్షన్‌కు ఐదు రూపాంతరాలు అడిగితే నిమిషంలో ఐదూ వస్తాయి, ఐదూ నమ్మదగినట్టే కనిపిస్తాయి. రాసేటప్పుడు పడిన శ్రమ వల్ల కలిగే అవగాహన వాటి విషయంలో ఉండదు. డిఫ్ చూసి వాటిలో ఒకదాన్ని ఎంచుకోలేం. నడిపి, ఫలితాలు విడిపోయిన చోట్లను చూడాల్సిందే. మొదట గిట్ చాలన్న నా మాటను ఈ ఒక్క సందర్భానికి సడలిస్తున్నాను.

పదనిస

అందరికీ కృతజ్ఞతలు. కృష్ణాతీరం గారు చెప్పినట్టు ఎంపికలను డిక్షనరీలుగా విడదీసి, బైట్‌బాబు గారి షరతు ప్రకారం ఒక్కో కలయికను విడి ప్రాసెస్‌లో నడిపాను. పాఠంలో వట్రసుడులనూ అరసున్నలనూ ముందుగా సరిచేసుకున్నాను. కలయికలు నిజంగానే కొద్ది గుంపులుగా కుదించుకుపోయాయి. రూపాంతరాలు విడిపోయిన పాదాల్లో ఎక్కువ భాగం పదాంతం ఎంపిక వల్లనే విడిపోయాయి. రేఫ ఎంపిక చాలా అరుదుగా ప్రభావం చూపింది. పాదాంతం ఎంపిక ప్రభావం, ఊహించదగినట్టే, తరువాతి పాదం సంయుక్తాక్షరంతో మొదలైన చోట్లకే పరిమితమైంది. అక్షర విభజన రెండు రకాలుగా చేసినా, కొత్త యూనికోడ్‌ను అనుసరించే లైబ్రరీతో ఫలితాల్లో తేడా రాలేదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఉన్న మాటల్లో రెండు విభజనలూ వేరువేరుగా తెగాయి. అయినా పొల్లు హల్లు ముందక్షరంలో చేరినా, సంయుక్తంగా తరువాతి అక్షరంలో చేరినా ముందక్షరం గురువే కనుక గురులఘు వరుస మారలేదు. శాలివాహన గారు చెప్పిన, డిఫ్ నిండా రంగులు మారి ఫలితం మారని సందర్భం ఇదేనేమో.

సంభావ్యత గారి పరీక్ష కూడా పెట్టాను. ఖాళీలను వదిలేసే రూపాంతరం తనంతట ఉదారమైనది కాదు, అది కొన్ని మంచి పద్యాలను కూడా తిరస్కరిస్తోంది. పదాంతాన్ని ఐచ్ఛికంగా వదిలేసిన ఒక రూపాంతరాన్ని అదనంగా చేర్చి చూస్తే, అది దాదాపు అన్ని పద్యాలనూ అంగీకరించింది, వచనం ముక్కల్లో కూడా కొన్నిటిని దాటించింది. సమాస పట్టిక ఉన్నది మధ్యలో నిలిచింది. దాన్నే ముందుకు తీసుకువెళుతున్నాను.

మిగిలిన ప్రశ్న ఒకటి ఉంది. ఓడిపోయిన రూపాంతరాల కోడ్‌ను ఎప్పుడు తీసేయాలి?

వెన్నెల_కె

కోడ్‌ను ఇప్పుడే తీసేయవచ్చు, పట్టికను తీసేయకండి. ఏ ఎంపికకు ఏ విలువలు ప్రయత్నించారో, అవి ఏ పాదాల దగ్గర విడిపోయాయో చెప్పే వరుసలు మిగిలితే రేపు మరొకరు వచ్చి “ఖాళీలను వదిలేస్తే సరిపోదా” అని అడిగినప్పుడు జవాబు సిద్ధంగా ఉంటుంది.

మాత్రాగణం

రేఫ ఎంపికను మాత్రం తీసేయవద్దని మనవి. మీ పద్యాల్లో అరుదుగా తగిలిందంటే ఆ సంకలనంలో అటువంటి ప్రయోగాలు తక్కువని మాత్రమే అర్థం. ప్రాచీన కావ్యాల పాఠం చేర్చినప్పుడు పట్టికను మళ్లీ నడపండి.

బైట్‌బాబు

తీసేసే ముందు ఆ కమిట్‌కు ట్యాగ్, అంటే ఒక గుర్తుపేరు, పెట్టండి. ట్యాగ్ పేరును పట్టికలో ఒక నిలువు వరుసగా చేర్చితే, ఏ ఫలితం ఏ కోడ్‌తో వచ్చిందన్న వెన్నెల గారి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.